ఊర్వశి శారద: తెనాలి అమ్మాయి, మూడు జాతీయ పురస్కారాలు

జాతీయ ఉత్తమ నటి పురస్కారాన్ని దేశంలో మొట్టమొదట రెండుసార్లు అందుకున్న నటి ఎవరని అడిగితే, చాలామంది షబానా ఆజ్మీ పేరో స్మితా పాటిల్ పేరో చెబుతారు. మొట్టమొదట మూడుసార్లు అందుకున్నదెవరని అడిగినా ఆ పేర్లే వినిపిస్తాయి. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకరే. 1945 జూన్ 25న తెనాలిలో పుట్టి, సరస్వతీదేవి అని పేరు పెట్టించుకుని, వెండితెర మీద శారదగా వెలిగిన మన తెలుగు నటి.

1968కి ‘తులాభారం’, 1972కి ‘స్వయంవరం’, 1978కి ‘నిమజ్జనం’. మొదటి రెండూ మలయాళ చిత్రాలు, మూడోది తెలుగు. షబానా ఆజ్మీ ఆ తర్వాత మొత్తం అయిదు పురస్కారాలతో అందరికంటే ముందుకు వెళ్లారు కానీ, ఆమెకు మూడోది వచ్చింది 1983 నాటి ‘ఖండహర్’కి. అప్పటికి శారద మూడో పురస్కారం అందుకుని ఏళ్లు గడిచిపోయాయి. రెండు వేర్వేరు భాషల్లో ఈ గౌరవం పొందిన తొలి నటి కూడా శారదే. ఈ మాట తెలుగునాట ఎందుకో గట్టిగా వినపడదు. మనకు శారద అంటే కన్నీళ్లు పెట్టుకునే కథానాయిక, ఆ తర్వాత అమ్మ. మలయాళీలకు శారద అంటే వాళ్ల సినిమా ఎదిగిన దారిలో ప్రతి మలుపులోనూ కనిపించే ముఖం.

ఊర్వశి ఎక్కడిది?

1953 చిత్రాలతో జాతీయ పురస్కారాలు మొదలైనప్పుడు బహుమతులు సినిమాలకే ఇచ్చేవారు. నటీనటులకు విడిగా ఇవ్వడం 1967 చిత్రాల నుంచి మొదలైంది. ఉత్తమ నటుడికి ‘భరత్’, ఉత్తమ నటికి ‘ఊర్వశి’ అని పేర్లు పెట్టారు. తొలి భరత్ బెంగాలీ కథానాయకుడు ఉత్తమ్ కుమార్. తొలి ఊర్వశి ‘రాత్ ఔర్ దిన్’లో నటించిన నర్గీస్. ఆ మరుసటి ఏడాదే రెండో ఊర్వశి మన శారద. దక్షిణాది నటికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అప్పటికి ఆమె వయసు ఇరవై మూడు.

తర్వాత మాధవీ ముఖర్జీ, రెహానా సుల్తాన్, వహీదా రెహమాన్ కూడా ఊర్వశులే. కానీ ఆ బిరుదు ఇంటిపేరులా అతుక్కుపోయింది శారదకే. టైటిల్ కార్డుల్లో ‘ఊర్వశి శారద’ అని పడేది. 1970ల మధ్యలో ప్రభుత్వం ఆ పేర్లను తీసేసింది. కాబట్టి ‘నిమజ్జనం’కి వచ్చిన మూడో పురస్కారం నాటికి ఊర్వశి అన్న పేరు అధికారికంగా లేదు. అయినా జనం వదల్లేదు.

ఆమె పురస్కారం అందుకున్న మూడు సంవత్సరాల్లో ఉత్తమ నటులుగా నిలిచిన వాళ్లెవరో కూడా తెలుసుకోవాలి. 1968లో ‘ఆశీర్వాద్’కి అశోక్ కుమార్, 1972లో ‘కోషిష్’కి సంజీవ్ కుమార్, 1978లో మృణాల్ సేన్ తీసిన ‘పరశురామ్’కి అరుణ్ ముఖర్జీ. ఒక తరం హిందీ మహానటుడు, తర్వాతి తరం హిందీ మహానటుడు, బెంగాలీ రంగస్థల కళాకారుడు. ఆ పదేళ్ల పొడవునా వాళ్ల పక్కన నిలబడ్డ పేరు మాత్రం మారలేదు.

‘కన్యాశుల్కం’లో చిన్నపిల్ల

తెనాలి గాలిలోనే నాటకం ఉందంటారు. గోవిందరాజుల సుబ్బారావు అక్కడ వైద్యం చేస్తూనే నాటకాలాడారు. చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు ఆ ఊరివాళ్లే. గుమ్మడి, జగ్గయ్య, కృష్ణ ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లు. శారద మాత్రం చిన్నప్పుడే మద్రాసు వెళ్లి అమ్మమ్మ దగ్గర పెరిగింది. కూతురు పెద్ద నటి కావాలన్నది తల్లి కోరిక. అందుకే పసితనంలోనే నాట్యం నేర్పించారు.

ఆమె మొదటిసారి తెర మీద కనిపించింది 1955లో వచ్చిన ‘కన్యాశుల్కం’లో. పి. పుల్లయ్య దర్శకుడు. ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి. ఆ సినిమాలో లుబ్ధావధాన్లు వేసింది తెనాలి డాక్టరు గోవిందరాజుల సుబ్బారావే. సౌజన్యారావు పంతులు గుమ్మడి. పదేళ్ల పిల్లకు అందులో చాలా చిన్న వేషం దొరికింది. సినిమా చూసినవాళ్లకు గుర్తుండేంత వేషం కాదు. కానీ మధురవాణిగా సావిత్రి ఏం చేసిందో ఆ వయసులో దగ్గరగా చూసే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది!

అప్పటికే సరస్వతి పేరుతో ఇతర నటీమణులు ఉండటంతో పేరు శారదగా మారింది. దేవత ఒక్కతే కాబట్టి పెద్ద నష్టమేమీ లేదు. 1961లో ఆదుర్తి సుబ్బారావు ‘ఇద్దరు మిత్రులు’లో అక్కినేనికి చెల్లెలిగా కనిపించింది. 1963లో తమిళంలో శివాజీ గణేశన్ ‘కుంకుమం’లో నటించింది. అన్నీ మంచి సంస్థలు, పెద్ద నటులు. అయినా తెలుగు నిర్మాతలు ఆమెను ఎక్కువగా చిన్న పాత్రల దగ్గరే ఉంచేశారు. ఆమెలో ఏముందో కనిపెట్టింది మూడో భాష.

మలయాళం పిలిచింది

1960ల్లో మలయాళ సినిమాలు చాలావరకు మద్రాసు స్టూడియోల్లోనే తయారయ్యేవి. కేరళలో చెప్పుకోదగ్గ స్టూడియోలు రెండే: అలప్పుళలో కుంచాకో నడిపిన ఉదయా, తిరువనంతపురంలో మెరీలాండ్. 1965లో కుంచాకో తీసిన ‘ఇణప్రావుగళ్’ శారద తొలి మలయాళ చిత్రం. అదే ఏడాది ‘మురప్పెణ్ణు’ వచ్చింది. ఈ రెండో సినిమా గురించి ఆగి చెప్పుకోవాలి.

తర్వాతి కాలంలో జ్ఞానపీఠం అందుకున్న ఎం.టి. వాసుదేవన్ నాయర్ రాసిన మొట్టమొదటి స్క్రీన్‌ప్లే ‘మురప్పెణ్ణు’. స్టూడియోల్లో వేసిన సెట్లను వదిలిపెట్టి, భారతప్పుళ నది ఒడ్డున నిజమైన ఇళ్ల మధ్య, నిజమైన ఎండలో తీశారు. బావతో పెళ్లవుతుందని పెరిగిన మేనమామ కూతురు, పెద్దల పంతాల మధ్య నలిగిపోవడం దాని కథ. మేనరికాలు తెలిసిన మన ప్రేక్షకుడికి ఒక్క ముక్క వివరించనక్కర్లేదు. మాటలు తక్కువ, చూపులు ఎక్కువ ఉన్న పాత్రలో శారద ఒదిగిపోయింది.

దాని దర్శకుడు ఎ. విన్సెంట్ అసలు ఛాయాగ్రాహకుడు. తెలుగువాళ్లకు ఆయన పేరు గుర్తు లేకపోయినా ఆయన పని బాగా తెలుసు. ‘ప్రేమనగర్’, ‘అడవి రాముడు’, చివరికి ‘అన్నమయ్య’ వరకు కెమెరా వెనక ఉన్నది ఆయనే. మూడేళ్ల తర్వాత శారదకు తొలి జాతీయ పురస్కారం తెచ్చిన ‘తులాభారం’ తీసింది కూడా విన్సెంటే. వెలుగును ఎరిగిన మనిషి కాబట్టే, ఆ ముఖాన్ని ఎంత దగ్గరగా చూపినా అబద్ధం దొరకదని ఆయనకు ముందుగా అర్థమైందని నా నమ్మకం.

1967లో పి. భాస్కరన్ తీసిన ‘ఇరుట్టింటె ఆత్మావు’ కూడా ఎం.టి. రచనే. మతి స్థిమితం లేని యువకుడిగా ప్రేమ్ నజీర్, అతణ్ని మనిషిలా చూసే ఒకే ఒక్క వ్యక్తిగా శారద. నజీర్ గొప్పగా నటించిన చిత్రమని మలయాళీలు దాన్ని చెప్పుకుంటారు. ఆ గొప్పతనానికి ఎదురుగా నిలబడి, తన వంతు ఓర్పును అంత నిశ్శబ్దంగా చేయడం తక్కువ పని కాదు.

మరో సంగతి. మలయాళ తెర మీద శారద పెదవులు కదిపిన చాలా సినిమాల్లో వినిపించే గొంతు టి.ఆర్. ఓమన అనే నటిది. భాష పరాయిది కనుక డబ్బింగ్ తప్పలేదు. మాట సొంతం కానప్పుడు నటికి మిగిలేవి కళ్లు, నడక, చేతుల కదలిక, ఊపిరి. శారద నటనలో శరీరం అంతగా పలకడానికి ఇదొక కారణం కావచ్చనిపిస్తుంది.

ఒకే తల్లి, నాలుగు భాషలు

‘తులాభారం’ తోప్పిల్ భాసి నాటకం. కేరళలో కమ్యూనిస్టు ఉద్యమాన్ని రంగస్థలం మీదకి తెచ్చిన రచయిత ఆయన. కలిగిన ఇంట పుట్టిన విజయ, తండ్రి ఆస్తి కోర్టు పాలై పోయాక, ఒక కార్మికుణ్ని పెళ్లాడుతుంది. సమ్మెలో భర్త చనిపోతాడు. ముగ్గురు పిల్లలతో మిగిలిన ఆమెకు పని దొరకదు, అప్పు పుట్టదు, తిండి లేదు. ఆకలికి ఏడుస్తున్న పిల్లలకు విషం కలిపి పెట్టి తానూ తింటుంది. పిల్లలు పోతారు, తను బతుకుతుంది. బోనులో నిలబడ్డ ఆమె మీద ప్రభుత్వం తరఫున వాదించేది ఒకప్పటి ప్రాణస్నేహితురాలే.

ఇలాంటి కథలో గుండెలు బాదుకుని ఏడవడానికి ఎంత చోటైనా ఉంది. శారద ఆ దారి పట్టలేదు. బోనులో ఆమె అప్పటికే కన్నీళ్లు అయిపోయిన మనిషిలా ఉంటుంది. శిక్ష తగ్గించమని అడగదు. తనకు మరణశిక్షే కావాలంటుంది. ఏడుపు మానేసిన తల్లిని చూసి థియేటరంతా ఏడ్చింది. మలయాళ పత్రికలు ఆమెను ‘దుఃఖపుత్రి’ అన్నాయి.

ఆ కథ వరసగా మరో మూడు భాషల్లోకి వెళ్లింది. 1969లో తమిళ ‘తులాభారం’ని విన్సెంటే తీశారు. అదే ఏడాది తెలుగులో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ‘మనుషులు మారాలి’. 1970లో హిందీలో ఆయనే తీసిన ‘సమాజ్ కో బదల్ డాలో’. నాలుగింటిలోనూ ఆ తల్లి శారదే. భర్తలు మారారు: మలయాళంలో ప్రేమ్ నజీర్, తమిళంలో ఏవీఎం రాజన్, తెలుగులో శోభన్‌బాబు, హిందీలో అప్పట్లో అజయ్ సాహ్ని పేరుతో నటించిన పరీక్షిత్ సాహ్ని. స్నేహితురాలి పాత్ర మలయాళంలో షీలా, మిగతా మూడింటిలోనూ కాంచన. ఒకే నటి ఒకే పాత్రను నాలుగు భాషల్లో చేయడం మన దేశంలో అరుదు. అదీ తన పిల్లలకు తానే విషం పెట్టే సన్నివేశాన్ని నాలుగుసార్లు పండించడం ఎంత బరువో ఊహించుకోవాల్సిందే.

‘మనుషులు మారాలి’ తెలుగునాట పెద్ద విజయం. శ్రీశ్రీ పాట రాసిన ఆ సినిమాతోనే శోభన్‌బాబు స్థాయి మారింది. శారద తెలుగమ్మాయే అయినా, కథానాయికగా తెలుగువాళ్లకు నిజంగా పరిచయమైంది కేరళ నుంచి వచ్చిన కథతోనే. ఇంట్లోవాళ్లకు ఇరుగుపొరుగు చెబితే గానీ తెలియలేదన్నమాట!

సీత తలుపు వంక చూసింది

1972 నవంబరులో విడుదలైన ‘స్వయంవరం’ అడూర్ గోపాలకృష్ణన్ తొలి చిత్రం. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి వచ్చిన ఆయన, మిత్రులతో కలిసి ‘చిత్రలేఖ’ అనే సహకార సంఘం పెట్టి, దాని తరఫున తీసిన సినిమా ఇది. మొత్తం ఖర్చు రెండున్నర లక్షలు. అందులో లక్షన్నర ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పు. పారితోషికాల్లో అన్నిటికంటే పెద్దది శారదకిచ్చిన 25,000 రూపాయలు. అప్పటికి ఆమె ఏడాది పొడవునా తీరిక లేని తార. పేరు తెలియని కుర్రాడి తొలి సినిమాకు ఒప్పుకోవడానికి మొదట తటపటాయించింది. ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు మలయాళ సినిమా దిశనే మార్చిన వాటిలో ఒకటి.

కథ సాదాసీదా. పెద్దలను కాదని ఊరు దాటి వచ్చిన జంట, సీత, విశ్వనాథన్. బస్సు ప్రయాణంతో సినిమా మొదలవుతుంది. మంచి హోటల్ గది నుంచి చవక గదికి, అక్కడి నుంచి ఒళ్లమ్ముకునే మనిషి, స్మగ్లరు ఇరుగుపొరుగుగా ఉన్న అద్దె ఇంటికి దిగజారుతారు. రాసిన నవల అచ్చు కాదు. దొరికిన ఉద్యోగం నిలవదు. చివరికి కలప మిల్లులో, ఇంకొకణ్ని తీసేసిన చోట పని దొరుకుతుంది. భర్త జబ్బు చేసి పోతాడు. పసిబిడ్డతో సీత మిగులుతుంది. ఇంటికి తిరిగి వెళ్లమంటారు. వెళ్లదు. ఆఖరి దృశ్యంలో ఆమె మూసిన తలుపు వైపు చూస్తుంది. అంతే. ఆమె ఏం చేయబోతోందో దర్శకుడు చెప్పడు. ఆ చూపులో భయం ఉంది, పట్టుదల ఉంది, రెండూ ఒకదాన్ని ఒకటి దాచలేదు. జాతీయ పురస్కారానికి ఆ ఒక్క చూపు చాలు.

ఆ సినిమాకు ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటి, ఉత్తమ ఛాయాగ్రహణం అన్నీ వచ్చాయి. మలయాళంలో ‘చెమ్మీన్’ తర్వాత జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైన రెండోది ఇదే. మొదటి విడుదలలో జనం రాలేదు. పురస్కారాలు ప్రకటించాక మళ్లీ విడుదల చేస్తే వచ్చారు.

తొమ్మిదేళ్ల తర్వాత అడూర్ మళ్లీ శారదనే పిలిచారు. ‘ఎలిప్పత్తాయం’ అంటే ఎలుకల బోను. 1981 నాటిది, ఆయన తొలి రంగుల చిత్రం. కూలిపోతున్న జమీందారీ ఇంట్లో, దారిలో నీటి గుంట అడ్డం వస్తే దాటలేక వెనక్కి తిరిగే అన్న. అతనికి అన్నీ అమర్చిపెట్టే చెల్లెలు రాజమ్మ. వేడినీళ్లు, భోజనం, గొడుగు, చెప్పులు, ఏదీ ఆమె చేతి మీదుగా రానిదే అతనికి తెల్లవారదు. వచ్చిన పెళ్లి సంబంధాన్ని అన్న తిప్పి పంపేస్తే ఆమె నోరు విప్పదు. అడూర్ ముగ్గురు అక్కచెల్లెళ్లకు మూడు రంగులు పెట్టారు. రాజమ్మది నీలం. పొట్ట చేత్తో నొక్కుకుంటూ పొయ్యి దగ్గరికి మళ్లీ నడిచే రాజమ్మను చూశాక, మన ఇళ్లలోని ఎందరు మేనత్తలు, పిన్నులు గుర్తొస్తారో! నా లెక్కలో శారద చేసిన పాత్రలన్నిటిలోకీ గొప్పది ఇదే. దీనికి ఆమెకు జాతీయ పురస్కారం రాలేదు. సినిమాకు మాత్రం బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి సదర్‌లాండ్ ట్రోఫీ వచ్చింది. అంతకు ముందు సత్యజిత్ రే ‘అపూర్ సంసార్’కి ఇచ్చిన బహుమతి అది.

తెలుగుకు తొలి ఉత్తమ నటి

తెలుగు సినిమాలో నటనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం ఇప్పటివరకు నాలుగుసార్లు వచ్చింది. ‘నిమజ్జనం’కి శారద, బి. నర్సింగరావు ‘దాసి’కి అర్చన, ‘కర్తవ్యం’కి విజయశాంతి, ‘మహానటి’కి కీర్తి సురేశ్. తలుపు తెరిచింది శారద.

ఇక్కడ ఒక ముచ్చటైన ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. గుంటూరు జిల్లా అమ్మాయి శారద మలయాళ చిత్రాలకు రెండుసార్లు ఉత్తమ నటి. మలయాళ నిర్మాత కూతురు కీర్తి సురేశ్ తెలుగు చిత్రానికి ఉత్తమ నటి. ఆ అమ్మాయి చేసింది గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి పాత్ర. శారద తొలిసారి తెర మీద కనిపించిన సినిమాలో మధురవాణి అయిన సావిత్రి!

‘నిమజ్జనం’ దర్శకుడు బి.ఎస్. నారాయణ. అంతకు ముందు ‘ఊరుమ్మడి బ్రతుకులు’తో జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం తెచ్చిన మనిషి. తండ్రి అస్థికలు గంగలో కలపడానికి భార్యతో బయలుదేరిన బ్రాహ్మణుడి కథ ఇది. దారిలో బండివాడు ఆమె మీద అఘాయిత్యం చేస్తాడు. భర్తకు చెబితే ప్రయాణం ఆగుతుంది, కర్మ ఆగుతుంది. చెప్పకుండా ఎలా మోయాలి? మిగతా ప్రయాణమంతా ఆమె మోసేది అదే. ‘తులాభారం’లో నేరం చేసిన తల్లి, ‘స్వయంవరం’లో ఎంచుకున్న బతుకును వదలని భార్య, ఇక్కడ తనది కాని తప్పును కడుపులో దాచుకున్న ఇల్లాలు. ముగ్గురిలో ఎవరూ గొంతెత్తి అరవరు. ఇలాంటి చిన్న సినిమాలు తెలుగులో థియేటర్లలో నిలవడం ఎప్పుడూ కష్టమే. ‘నిమజ్జనం’ పేరు విన్నవాళ్ల కంటే చూసినవాళ్లు చాలా తక్కువ.

తెలుగు తెర మీద

తెలుగులో ఆమె వాటా కూడా తక్కువేం కాదు. కె. విశ్వనాథ్ తీసిన ‘కాలం మారింది’ అంటరానితనం మీద వచ్చిన సినిమా. 1973లో ఆయనే ఆమె పేరునే సినిమాకు పెట్టి ‘శారద’ తీశారు. భర్త చనిపోయాడన్న నిజాన్ని మనసు ఒప్పుకోని అమ్మాయి పాత్ర అది. నిర్మాత క్రాంతికుమార్. 1975లో దాసరి, రంగనాయకమ్మ నవల ‘బలిపీఠం’ని తెరకెక్కిస్తే, హరిజన యువకుణ్ని పెళ్లాడిన బ్రాహ్మణ వితంతువు అరుణ పాత్ర శారదది. అరుణ మీద ప్రేక్షకుడికి జాలి కలగాలి, కోపమూ రావాలి. కులపు అహంకారం ప్రేమను ఎలా తినేస్తుందో చూపే పాత్ర. తారలు సాధారణంగా ఇష్టపడని రకం. ఈ మూడింటిలోనూ జోడీ శోభన్‌బాబే.

1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ద్రౌపది శారద. ఎన్టీఆర్ మూడు పాత్రలు వేసి, దర్శకత్వం కూడా చేసిన ఆ నాలుగు గంటల సినిమాలో అందరూ దుర్యోధనుడి సంభాషణలే తలుచుకుంటారు. సభలో ఈడ్చుకురాబడ్డ ద్రౌపది వైపు ఈసారి ఒక్క నిమిషం చూడండి. పౌరాణికాల్లో ఆమె అంతగా చేయలేదు. అయినా ఆ పాత్రలో తడబాటు లేదు.

తర్వాత ‘సర్దార్ పాపారాయుడు’, ‘జస్టిస్ చౌదరి’, ‘చండశాసనుడు’ వరసగా వచ్చాయి. నలభైకి చేరువైన కథానాయికలకు మన పరిశ్రమ ఇచ్చే తల్లి పాత్రలే ఆమెకూ వచ్చాయి. అయితే వాటిలోనే కొన్ని వేరే రకం. 1984 నాటి ‘స్వాతి’లో కూతురు సుహాసిని, ఒంటరిగా తనను పెంచిన తల్లికి దగ్గరుండి పెళ్లి చేస్తుంది. ఆ తల్లి శారద, పెళ్లికొడుకు జగ్గయ్య. తెనాలి ప్రాంతపు ఇద్దరు నటులు కలిసి ఆనాటి తెలుగు ప్రేక్షకులకు కొత్తగా అనిపించే సంగతిని ఎంత హుందాగా చేశారో! దర్శకుడు, ‘శారద’ని నిర్మించిన క్రాంతికుమారే.

1986లో ‘ప్రతిధ్వని’లో పోలీసు అధికారిగా యూనిఫాం వేసుకుంది. రామానాయుడు నిర్మాత. దర్శకుడిగా బి. గోపాల్ తొలి చిత్రం అది. విజయశాంతి ‘కర్తవ్యం’ రావడానికి నాలుగేళ్ల ముందు మాట. 1991లో దాసరి ‘అమ్మ రాజీనామా’లో, జీతం లేని చాకిరీ ఇక చాలు, తల్లి ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నానని పిల్లల ముందు ప్రకటించే అమ్మ. కన్నీళ్ల తల్లిగా ముద్రపడ్డ నటి చేత ఆ మాట అనిపించడంలోనే సినిమా బలమంతా ఉంది.

ఈ తరం ఆమెను ‘స్టాలిన్’లో చిరంజీవి తల్లిగా, ‘యోగి’లో ప్రభాస్ తల్లిగా చూసింది.

సరస్వతి టీచరు

మలయాళీలు మాత్రం ఆమెకు వయసు మళ్లాక కూడా కథ మధ్యలో చోటిచ్చారు. 1987లో భరతన్ తీసిన ‘ఒరు మిన్నామినుంగింటె నురుంగువెట్టం’ పిల్లలు లేని రిటైరైన ఉపాధ్యాయ దంపతుల కథ. నెడుముడి వేణు, శారద జంట. విశ్రాంత జీవితంలో ఒకరికొకరు తోడుగా మిగిలిన వాళ్ల ఇంట్లోకి ఒక అమ్మాయి కూతురులా వచ్చి, అంతలోనే దూరమవుతుంది. వృద్ధాప్యంలోని ప్రేమను అంత లేతగా చూపిన సినిమాలు మన దక్షిణాదిలో అరుదు. అందులో ఆమె పాత్ర పేరు సరస్వతి టీచరు. అమ్మానాన్నలు పెట్టిన అసలు పేరు ముప్పై ఏళ్ల తర్వాత పాత్రగా తిరిగొచ్చింది.

2005లో మమ్ముట్టితో ‘రాప్పకల్’లో పెద్దింటి అమ్మగా కనిపించింది. 2019 డిసెంబరులో తిరువనంతపురంలో జరిగిన కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ప్రారంభానికి ఆమె గౌరవ అతిథి. ఆమె చిత్రాలను ఎంపిక చేసి ప్రత్యేకంగా ప్రదర్శించారు. అలా ఆమె సినిమాలన్నీ ఒకచోట చేర్చి మన హైదరాబాదులోనో విజయవాడలోనో, పోనీ తెనాలిలోనో వేస్తే ఎంత బాగుండును!

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 సంవత్సరానికి ఎన్టీఆర్ జాతీయ పురస్కారంతో ఆమెను గౌరవించింది.

లోక్‌సభలో

1996లో తెలుగుదేశం తరఫున తెనాలి నుంచే లోక్‌సభకు పోటీ చేసి గెలిచింది. ఆ పదకొండో లోక్‌సభ రెండేళ్లు కూడా నడవలేదు. 1998లో అదే చోట కాంగ్రెస్ నాయకుడు పి. శివశంకర్ గెలిచారు. తెనాలి గడ్డ నుంచి పార్లమెంటుకు వెళ్లిన నటుల్లో ఆమె మొదటివారు కాదు. 1967లోనే జగ్గయ్య ఒంగోలు నుంచి ఎంపీ అయ్యారు. దుగ్గిరాలలో పెరిగిన జమున 1989లో రాజమండ్రి నుంచి గెలిచారు. సొంత ఊరి నుంచే వెళ్లింది మాత్రం శారద. 2009 ఎన్నికల నుంచి తెనాలి లోక్‌సభ నియోజకవర్గమే లేదు, పునర్విభజనలో కలిసిపోయింది.

ఏది ముందు చూడాలి?

శారదను మలయాళంలో ఎప్పుడూ చూడని తెలుగువాళ్లు ఏ సినిమాతో మొదలుపెట్టాలన్నది నన్ను చాలామంది అడిగే ప్రశ్న. ‘తులాభారం’తో వద్దంటాను. ఆ కథ ‘మనుషులు మారాలి’గా మనకు తెలిసిందే. ‘మురప్పెణ్ణు’తో మొదలుపెట్టండి. ఇరవై ఏళ్ల శారద, నది ఒడ్డు, మనకు బాగా తెలిసిన మేనరికం గొడవ. భాష రాకపోయినా కథ దానంతట అదే అర్థమవుతుంది. తర్వాత ‘స్వయంవరం’. ఓపికగా చూడాల్సిన సినిమా, మధ్యలో ఆపకండి. ‘ఎలిప్పత్తాయం’ మూడోది. దాన్ని ఒంటరిగా కాకుండా ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడండి. రాజమ్మను వాళ్లు వెంటనే గుర్తుపడతారు, ఆమె ఎవరిలా ఉందో పేరుపెట్టి మరీ చెబుతారు.